ఒకే పాస్‌తో కోటలన్నీ చూడొచ్చా? కొనేముందు ఈ లెక్క వేసుకోండి

ద్రాక్షారామం నుంచి అజ్మీర్ జియారత్‌కు వెళ్లే కుటుంబం ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని జైపూర్ కూడా చూసి వద్దామనుకుంటుంది. ఢిల్లీ దాకా వెళ్లినవాళ్లు ఆగ్రా చూడకుండా తిరిగిరారు. ఉమ్రా యాత్రకు జోర్డాన్, ఇస్తాంబుల్ కలిపి ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ కూడా ఉన్నాయి. ఎక్కడికెళ్లినా ఒక మాట మాత్రం మామూలుగా వినిపిస్తుంది. "విడివిడిగా టికెట్లెందుకండీ, ఒకే పాస్ తీసుకోండి, అన్నీ చూసేయొచ్చు" అని.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ అయిదుగురు సభ్యులున్న ఇంట్లో తలకో 300 రూపాయలంటే 1500. పైగా ఇలాంటి ప్రయాణం ఏటా పెట్టుకునేది కాదు. మూడు నాలుగేళ్లు దాచుకుని ఒకసారి వెళ్లేది. అందుకే పాస్ కొనాలా వద్దా అనేది చిన్న ప్రశ్న కాదు.

సూటిగా చెప్పాలంటే, మన దేశంలో భారత పౌరులకు చాలాచోట్ల పాస్ అవసరమే లేదు. విడి టికెట్లే చవక. కొన్నిచోట్ల మాత్రం పాస్ నిజంగా డబ్బు మిగులుస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే పాస్ మీద రాసిన ధర చూస్తే సరిపోదు. మన ఇంట్లోవాళ్లు నిజంగా ఎన్ని చోట్లు చూస్తారో లెక్క వేయాలి.

ముందు మన ఊరి సంగతి

ఒకే టికెట్‌తో అయిదు చోట్లు చూడటం ద్రాక్షారామం వాళ్లకు కొత్త విషయమేమీ కాదు. కార్తీకమాసం వచ్చిందంటే ఆర్టీసీ పంచారామాల ప్రత్యేక బస్సులు నడుపుతుంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే చుట్టులో తిప్పి తీసుకొస్తుంది. ఆ టికెట్‌లో భక్తులు డబ్బు కట్టేది ప్రయాణానికి. అయిదు ఊళ్లకు అయిదు బస్సులు మారే బాధ తప్పుతుంది, అదే అందులో లాభం.

చారిత్రక కట్టడాల పాస్ అలా కాదు. సాధారణంగా అది లోపలికి వెళ్లే రుసుము వరకే. ఆటో, కారు, గైడు, భోజనం అన్నీ మనమే పెట్టుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పాస్ ఉంటే తిరగడం కూడా అందులోనే అనుకుంటారు.

ఇంకో సంగతి. పాత కట్టడం అంటే టికెట్ ఉండి తీరాలని కూడా లేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో దేశమంతా కలిపి సుమారు 3700 కట్టడాలున్నాయి. వాటిలో టికెట్ పెట్టినవి 140 పైచిలుకు మాత్రమే. చాళుక్య భీముడి పేరుతో ముడిపడిన ద్రాక్షారామం భీమేశ్వరాలయం కూడా ఆ శాఖ రక్షణలోనే ఉంది. గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. వాటిని చూడ్డానికి పురావస్తు శాఖ ప్రవేశ టికెట్ లేదు. అదే ఊళ్లో సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా ఉంది. జియారత్‌కు ఎవరైనా వెళ్లొచ్చు, అక్కడా టికెట్ లేదు. రాజమండ్రి జామా మసీదు గుమ్మం మీద 1324 నాటి ఫార్సీ శాసనం ఉంది. తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కిన ఉలుగ్ ఖాన్ కాలం నాటిది. ఏడు వందల ఏళ్ల చరిత్ర మన పక్కనే, రూపాయి ఖర్చు లేకుండా ఉంది.

కాబట్టి పాస్ అమ్మేవాళ్లు పెద్ద జాబితా చూపించినప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: ఇందులో ఎలాగూ ఉచితంగా చూడగలిగినవి ఎన్ని? వాటిని కొట్టేసి, మిగిలినవే లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాద్‌కు పాస్ ఎందుకు?

కాకినాడలో గౌతమి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. మన జిల్లాల నుంచి ఎక్కువ కుటుంబాలు వెళ్లేది అక్కడికే. ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, దాదీ, ఇంటర్ చదివే 17 ఏళ్ల అబ్బాయి, 11 ఏళ్ల అమ్మాయి. మొత్తం అయిదుగురు.

చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ 'బి' తరగతి కట్టడాలు. 2018 ఆగస్టులో సవరించిన ధరల ప్రకారం ఈ తరగతిలో భారతీయులకు టికెట్ 25 రూపాయలు. నగదు లేకుండా ఆన్‌లైన్‌లో కడితే 20. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. అంటే మన ఉదాహరణలో అమ్మాయికి ఉచితం, నలుగురికే టికెట్. గోల్కొండకు 100, చార్మినార్‌కు 100, రెండూ కలిపి 200 రూపాయలు. ఫోన్‌లో కడితే 160. మక్కా మసీదుకు టికెట్ లేదు.

ఇక ఏ పాస్ అయినా ఇంతకంటే చవగ్గా ఎలా ఇస్తారు? ఎవరైనా "హైదరాబాద్ మొత్తం పాస్" అని తలకు వందలు అడిగితే అందులో ప్రవేశ రుసుము ఎంత, బండి కిరాయి ఎంత, వాళ్ల కమీషన్ ఎంత అని విడగొట్టి అడగాలి. బండి కోసమే అయితే ఆ బేరం వేరు. అప్పుడు ఆటోతోనో క్యాబ్‌తోనో పోల్చి చూసుకోవాలి.

మరో జాగ్రత్త వారం గురించి. సాలార్‌జంగ్ మ్యూజియంకు, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. మక్కా మసీదులో జుమా చదువుకోవాలని చాలామంది శుక్రవారానికే ప్రయాణం పెట్టుకుంటారు. మంచిదే. కానీ అదే రోజున ఈ రెండూ చూద్దామనుకుంటే కుదరదు. ఒక్క రోజు పాస్ శుక్రవారం కొంటే సగం తాళాలే కనిపిస్తాయి.

అజ్మీర్ దారిలో జైపూర్ లెక్క

పాస్ అనే మాటకు మన దేశంలో సరైన ఉదాహరణ జైపూర్. అజ్మీర్‌కు 130 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి జియారత్‌కు వెళ్లే కుటుంబాలకు ఇది అక్కరకొచ్చే సంగతి. రాజస్థాన్ పురావస్తు శాఖ అక్కడ కాంపోజిట్ టికెట్ అమ్ముతుంది. ఆమేర్ కోట, హవామహల్, జంతర్ మంతర్, ఆల్బర్ట్ హాల్ మ్యూజియం, నాహర్‌గఢ్, ఈసర్‌లాట్, ఇంకా రెండు తోటలు అందులో వస్తాయి. రెండు రోజులు చెల్లుతుంది.

చాలా ఏళ్లు నడిచిన ధరలతో లెక్క చూద్దాం. భారతీయులకు కాంపోజిట్ టికెట్ 300 రూపాయలు. విడిగా అయితే ఆమేర్ 100, హవామహల్ 50, జంతర్ మంతర్ 50, నాహర్‌గఢ్ 50, ఆల్బర్ట్ హాల్ 40. పేరున్న అయిదూ కలిపితే 290. అంటే రెండు రోజుల్లో అయిదు పెద్ద చోట్లు తిరిగినా పాస్ కొన్నవాళ్లకు 10 రూపాయలు నష్టమే. ఆరోది చూస్తేనే లాభం మొదలవుతుంది.

జియారత్ ముగించుకుని ఒక్క రోజు జైపూర్‌లో ఆగే కుటుంబం మహా అయితే ఆమేర్, హవామహల్, జంతర్ మంతర్ చూస్తుంది. తలకు 200 అవుతుంది. పాస్ కొంటే 100 ఎక్కువ పెట్టినట్టు. ముగ్గురు పెద్దవాళ్లకు 300 రూపాయలు వృథా. ఆ డబ్బుతో కుటుంబమంతా ఓ పూట టిఫిన్ కానిచ్చేయొచ్చు.

అదే విదేశీయుడి లెక్క చూడండి. ఆయనకు పాస్ 1000 రూపాయలు. విడిగా ఆమేర్ 500, హవామహల్ 200, జంతర్ మంతర్ 200, నాహర్‌గఢ్ 200, ఆల్బర్ట్ హాల్ 300. మొత్తం 1400. అయిదూ చూస్తే 400 మిగులుతుంది. ఆమేర్, ఆల్బర్ట్ హాల్, ఇంకో చోటు చూసినా పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. పర్యాటకుల పుస్తకాల్లో, వీడియోల్లో "జైపూర్ పాస్ తప్పకుండా కొనండి" అని చెప్పేది ఈ లెక్కతోనే. అది మన లెక్క కాదు.

అయితే ఇందులో మనకు పనికొచ్చే మెలిక ఒకటుంది. ఆ ధరల ప్రకారం భారతీయ విద్యార్థులకు ఇదే కాంపోజిట్ టికెట్ 40 రూపాయలు. గుర్తింపు కార్డు చూపించాలి. ఇంటర్ అబ్బాయికీ, స్కూల్ అమ్మాయికీ కార్డులు సంచిలో పెట్టుకుంటే వాళ్లిద్దరికీ పాస్ తీసుకోవడం తెలివైన పని. పెద్దవాళ్లకు విడి టికెట్లు, పిల్లలకు పాస్. ఇంట్లో అందరికీ ఒకే రకం కొనాలని ఎక్కడా రూలు లేదు.

ఇంకో మాట. జైపూర్ సిటీ ప్యాలెస్, జైగఢ్ కోట ఈ పాస్‌లో రావు. వాటి టికెట్లు వేరు. "అన్నీ ఇందులోనే" అని ఎవరైనా చెబితే ఆ రెండింటి పేర్లు అడిగి చూడండి. ధరలు మధ్యమధ్యలో మారుతుంటాయి కాబట్టి కౌంటర్ దగ్గరి బోర్డు చూసి ఇదే కూడిక మళ్లీ వేసుకోవాలి. పద్ధతి మాత్రం మారదు.

ఆగ్రా: పాస్ కన్నా రోజు ముఖ్యం

తాజ్‌మహల్‌కు భారతీయుల టికెట్ 50 రూపాయలు. లోపల ప్రధాన సమాధి దాకా వెళ్లాలంటే ఇంకో 200. ఈ అదనపు టికెట్ 2018 డిసెంబరు నుంచి పెట్టారు. పెద్దవాళ్లకు తలకు 250 అన్నమాట. మన ఉదాహరణలో నలుగురికి 1000 రూపాయలు, 15 ఏళ్లలోపు అమ్మాయికి ఏమీ లేదు. సమాధి గది లోపలికి వెళ్లకపోయినా 50 రూపాయల టికెట్‌తో తోట, బయటి కట్టడం, చుట్టూ అందం అంతా చూడొచ్చు. అందరూ 250 టికెట్ కొనాల్సిన పని లేదు. జనంలో నిలబడలేని దాదీ కింద తోటలో కూర్చుంటానంటే అక్కడే 200 మిగిలాయి.

శుక్రవారం తాజ్‌మహల్ సందర్శకులకు మూసే ఉంటుంది. ఆ రోజు అక్కడి మసీదులో జుమా నమాజుకు స్థానికులను మాత్రమే లోపలికి పంపిస్తారు. బయటి ఊరివాళ్లను కూడా అనుమతించాలని వేసిన పిటిషన్‌ను 2018లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కాబట్టి "నమాజు చదువుకుంటాం, అలాగే చూసేస్తాం" అనుకుని శుక్రవారం వెళ్తే గేటు దగ్గరి నుంచే తిరిగి రావాలి. ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా, దాని దగ్గర్లోని హుమాయూన్ సమాధి శుక్రవారం పెట్టుకుని, ఆగ్రాను శనివారానికి మార్చుకుంటే సరిపోతుంది.

అడగకుండానే పాస్ దొరికే చోట్లు

కొన్ని ఊళ్లలో పాస్ అనే పేరు లేకుండానే ఒకే టికెట్ రెండు మూడు చోట్లకు పనిచేస్తుంది. ఈ విషయం తెలియక రెండోసారి క్యూలో నిలబడేవాళ్లుంటారు. నాగూరు జియారత్‌కు చెన్నై మీదుగా వెళ్లే కుటుంబాలకు మహాబలిపురం దారిలోనే తగులుతుంది. అక్కడ సముద్రతీర ఆలయానికి తీసుకున్న టికెట్ అదే రోజు పంచరథాలకూ చెల్లుతుంది. హంపీలో కూడా అంతే. విఠలాలయం దగ్గర కొన్న టికెట్‌తో ఆ రోజే లోటస్ మహల్ ఉన్న జనానా ప్రాంగణం, కమలాపురం మ్యూజియం చూడొచ్చు. చేయాల్సిందల్లా టికెట్ పారేయకుండా దాచుకోవడం, అదే రోజు పూర్తి చేయడం.

పూర్తిగా ఉచితమైన రోజులు కూడా ఉన్నాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. నవంబరు 19న వారసత్వ వారోత్సవాలు మొదలవుతాయి. ఈ తేదీల్లో కేంద్ర పురావస్తు శాఖ కట్టడాలకు ప్రవేశ రుసుము ఉండదని ప్రకటిస్తుంటారు. అయితే జనం కిటకిటలాడతారు. వంద రూపాయల కోసం చంటిపిల్లల్నీ, పెద్దవాళ్లనూ ఆ తోపులాటలోకి తీసుకెళ్లడం అవసరమా అన్నది ఇంటివాళ్లే ఆలోచించుకోవాలి.

ఉమ్రాతో పాటు జోర్డాన్, ఇస్తాంబుల్ వెళ్తే

పాస్ నిజంగా లాభం తెచ్చే చోటు చెప్పాలంటే జోర్డాన్ పేరు చెప్పాలి. అక్కడి ప్రభుత్వం జోర్డాన్ పాస్ అమ్ముతుంది. పెట్రాలో ఒక రోజుకైతే 70 దినార్లు, రెండు రోజులకు 75, మూడు రోజులకు 80. పెట్రా ఒక రోజు విడి టికెట్టే 50 దినార్లు. పర్యాటక వీసా రుసుము 40. రెండూ కలిపితే 90. పాస్ ముందే కొనుక్కుని, దేశంలో కనీసం మూడు రాత్రులు ఉంటే ఆ వీసా రుసుము మాఫీ. అంటే పెట్రా ఒక్కటే చూసినా తలకు 20 దినార్లు మిగులుతాయి. జెరాష్, అమ్మాన్ కోట లాంటివి ఇంకా అదనం. ఒక దినార్ విలువ వంద రూపాయల పైనే కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు.

కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. ఉమ్రా ప్యాకేజీలో వీసా ఖర్చు ట్రావెల్స్ వాళ్లే పెట్టుకుంటే ఆ 40 దినార్ల లాభం మనకు రాదు. రెండు రాత్రులే ఉండే ప్యాకేజీ అయినా అంతే. అసలు పెట్రాకే తీసుకెళ్లకుండా అమ్మాన్ చుట్టుపక్కల జియారత్‌లు మాత్రమే చేయిస్తుంటే పాస్ పూర్తిగా దండగ. ఏజెంట్‌ను అడగాల్సినవి మూడే: వీసా ఎవరిది, రాత్రులెన్ని, పెట్రా ఉందా లేదా.

ఇస్తాంబుల్‌లో ఇంకో రకం సంగతి. ఆయా సోఫియా 2020లో మళ్లీ మసీదైంది. 2024 జనవరి నుంచి పర్యాటకులకు పై అంతస్తు చూడ్డానికి 25 యూరోల టికెట్ పెట్టారు. నమాజు చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు టికెట్ లేదు. బ్లూ మాస్క్ అని పిలిచే సుల్తాన్ అహ్మద్ మసీదుకు ఎవరికీ టికెట్ లేదు. ఈ రెండింటి ఫొటోలు పెట్టి ఎవరైనా పాస్ అమ్మితే, మనం డబ్బు దేనికి కడుతున్నామో గట్టిగా అడగాలి.

విదేశాల నుంచి వచ్చే బంధువుల సంగతి

కువైట్, దుబాయ్, ఖతర్‌లో పనిచేసే మనవాళ్ల దగ్గర భారతీయ పాస్‌పోర్టే ఉంటుంది. వాళ్లకు ఇక్కడ భారతీయుల టికెట్టే. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర ఓసీఐ కార్డు ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం జాతీయ కట్టడాలు, మ్యూజియంలలో వాళ్లకు కూడా భారతీయుల రుసుమే. తాజ్‌మహల్‌లో విదేశీయుల టికెట్ 1100 రూపాయలు, మనకు 50. నలుగురు వస్తే తేడా 4200. కానీ కార్డు చేతిలో ఉండాలి. ఊళ్లో బీరువాలో పెట్టి వస్తే కౌంటర్‌లో ఎవరూ ఒప్పుకోరు.

ఇక మనవాళ్లు పిల్లల దగ్గరికి బ్రిటన్ వెళ్లినప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ పాస్ గురించి వింటారు. విదేశీ సందర్శకుల కోసం 9 రోజులకు, 16 రోజులకు విడివిడిగా ఇస్తారు. కొన్ని కోటలు ఊళ్లకు దూరంగా ఉంటాయి. కొడుకుకో కూతురికో కారు ఉండి, సెలవు పెట్టి వారంలో మూడు నాలుగు కోటలు తిప్పగలిగితే లాభం. శని, ఆదివారాలు మాత్రమే ఖాళీ ఉంటే 9 రోజుల పాస్‌లో వాడుకునేది మూడు నాలుగు రోజులే.

కాళ్ల లెక్క కూడా వేయాలి

ఏ పాస్ అయినా అమ్మేవాళ్లకు లాభం వచ్చేది ఒకే కారణంతో. కొన్నవాళ్లలో చాలామంది అన్నీ చూడరు. ఉదయం లేచేటప్పుడు ఆరు చోట్లు అనుకుంటారు, మధ్యాహ్నానికి రెండుతో అలసిపోతారు. గోల్కొండ పైకి దాదాపు 360 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదొక్కటే ఆ రోజుకు చాలు. మధ్యలో జొహర్, అసర్ నమాజులు, భోజనం, పిల్లల మారాం ఉంటాయి. ఇవన్నీ తీసేస్తే కుటుంబంతో వెళ్లినవాళ్లకు రోజుకు రెండు, మహా అయితే మూడు చోట్లు.

పాస్ కొన్నాక ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. డబ్బు పోతుందేమోనన్న ఆత్రంతో ఓపిక లేనివాళ్లను కూడా లాక్కెళ్తారు. చూసింది గుర్తుండదు, అలసటే మిగులుతుంది. ఇస్రాఫ్ అంటే డబ్బు పారబోయడమే కాదు, అక్కర్లేనిదాన్ని చవకని కొనడం కూడా.

కొనేముందు అయిదు ప్రశ్నలు

1. మనం నిజంగా చూసే చోట్లు ఏవి? రోజుకు రెండు మూడు చొప్పున కాగితం మీద రాయండి. ఉచితమైనవి కొట్టేయండి.

2. మిగిలినవాటి విడి టికెట్లు మనిషి మనిషికీ కూడితే ఎంత? 15 ఏళ్లలోపు పిల్లలకు, విద్యార్థులకు రాయితీ తీసేశారా?

3. పాస్ ఎన్ని రోజులు చెల్లుతుంది? అందులో శుక్రవారం గానీ, ఆ కట్టడానికి సెలవు రోజు గానీ ఉందా?

4. పాస్‌లో లేనివి ఏవి? అందరూ చూడాలనుకునే చోటు బయట ఉండిపోయిందా?

5. అమ్ముతున్నది ఎవరు? పురావస్తు శాఖ కౌంటర్, ప్రభుత్వ వెబ్‌సైట్ కాకుండా మధ్యవాళ్ల దగ్గర కొంటే అదనంగా ఎంత పడుతోంది? వెళ్లలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా?

విడి టికెట్ల మొత్తం పాస్ ధర కంటే బాగా ఎక్కువ వస్తేనే కొనాలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే విడి టికెట్లే మేలు. వాన పడినా, దాదీకి ఒంట్లో బాగోకపోయినా, పిల్లలు ఇంక చాలన్నా ఆ రోజుకు ఆపేసి గదికి వెళ్లిపోవచ్చు. కట్టిన డబ్బు గురించి ఎవరూ బాధపడక్కర్లేదు.